వెలుతురు వచ్చాక పడిన చలి

కోడిపిల్లల షెడ్డులో మొదటి వారం మనిషికి నిద్ర ఉండదు. కాస్త వేడి తగ్గితే చాలు, పిల్లలు ఒకదాని మీద ఒకటెక్కుతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. ఆ వారంలో యాభైకి మించి చస్తే మా అమ్మాయికి కంపెనీవాళ్ళు మళ్ళీ పిల్లల్ని ఇవ్వరు. సూర్యగ్రహణం నాటికి నలభై ఒకటి పోయాయి. నాలుగు రోజులుగా మా ఇద్దరి కళ్ళూ చింతనిప్పులే.

పట్టపగలే చీకటి పడుతుందని తెలిసి, ముందే గోనె పరదాలు దించి వేడికి బల్బులు వేశాం. చీకటి వచ్చింది, నాలుగు నిమిషాలుండి పోయింది.

“వెలుతురొచ్చిందిగా, పరదాలెత్తెయ్యవే. ఉడికిపోతాయి పాపం” అన్నాను.

“ఆగమ్మా. అసలు చలి చీకటి పోయాకే వస్తుందని కంపెనీ సూపర్‌వైజరు చెప్పాడు.”

“చెప్పాడులే పెద్ద! నిన్న మొన్నటి పిల్లాడు. నువ్వు పుట్టకముందు నుంచీ ఎండను చూసే ఎత్తుతున్నాను, ఎండను చూసే దించుతున్నాను.”

“నీతో వాదించే ఓపిక లేదు. ఏం చేస్తావో చెయ్” అంటూ మేత బస్తా మీద కూలబడింది.

నేనే పరదాలెత్తి, బల్బులార్పి, నీళ్ళకని బయటికి వెళ్ళాను. ఎండ ఉంది గానీ అందులో పస లేదు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆరిన పొయ్యి మళ్ళీ వెలిగించగానే గిన్నె కాగుతుందా? చల్లారిన నేలా అంతే, అది వేడెక్కి గాలిని వేడి చెయ్యాలంటే టైము పట్టదూ? ఈ పాటి ముక్క బకెట్టు నిండాక గానీ నా బుర్రకు తట్టలేదు.

“అమ్మా! మూలకి గుట్టపడ్డాయి!”

పరిగెత్తాను. అది మోకాళ్ళ మీద కూర్చుని దోసిళ్ళతో పిల్లల్ని తీసి ఇవతల పోస్తోంది. నేను బల్బులు వేసి, పరదాలు దించి, పక్కన కూర్చుని తీశాను. అడుగున ఆరు కదల్లేదు.

సాయంత్రం సూపర్‌వైజరు వచ్చాడు. “నలభై ఏడా! పరదాలెవరెత్తారు?”

“నేనే నాయనా. నువ్వు చెప్పావట, నేనే వినలేదు.”

“వారంలో ఇంకా మూడు రోజులున్నాయి మామ్మా” అని రాసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మాయి మళ్ళీ మేత బస్తా మీద కూలబడింది. నన్ను తిట్టినా బాగుండేది, తిట్టడానికైనా దానికి ఓపిక మిగిలిందని తెలిసేది.