రేడియోలోని అయస్కాంతం

రేడియో పలకకపోతే బ్యాటరీలు అయిపోయాయనుకున్నాను. కొత్తవి వేసినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక మూత విప్పి చూస్తే స్పీకరు చిరిగి ఉంది, దాని అయస్కాంతం మాయం. అది మా అమ్మ బయ్యమ్మ రవికె లోపల దొరికింది. పాత చీరపేలికతో ఎడమ రొమ్ముకు కట్టుకుని ఉంది.

ఇది రెండువేల ఆరు నాటి మాట. అమ్మకు రొమ్ములో గడ్డ. మందుతో అది చిన్నదైతేనే ఆపరేషన్ అన్నారు వేలూరు డాక్టర్లు. మొదటి విడత మందుకే జుట్టంతా ఊడి దిండు మీదికొచ్చింది. నోరు పుండ్లు పడి సంగటి ముద్ద కూడా దిగలేదు. రెండో విడతకు పోవాల్సిన రోజు దాటిపోయింది. రానంటే రానని కూర్చుంది.

"ఇదేందిమా?" అన్నాను.

"రాజగోపాల్ మందు వస్తాది గదా. ఇప్పటి నించే కట్టుకుంటే గడ్డకు అలవాటైతాది," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. రాజగోపాల్ మా పెద్దమ్మ కొడుకు. కుప్పంలో కాలేజీ లెక్చరర్, సెలవు దొరికితే బెంగుళూరు రైలెక్కి అక్కడి ల్యాబులో పరిశోధన. జబ్బు మనిషిని చూడ్డానికి మా ఊరు చౌడేపల్లె వచ్చినవాడు నాలుగు పండ్లు చేతిలో పెట్టి పోవచ్చు కదా. పోలేదు. జేబులోంచి చిన్న సీసా తీశాడు. అందులో నల్లటి నీళ్లు. కంటికి ఆననంత సన్నటి ఇనుప పొడి కలిపిన నీళ్లట. పక్కన అయస్కాంతం పెట్టగానే నలుపంతా వచ్చి ఆ వైపే అంటుకుంది.

"ఈ పొడికి మందు అంటించి నెత్తురులోకి పంపిస్తే, అయస్కాంతం యాడుంటే ఆడికే పోతాది చిన్నమ్మా. జుట్టు జోలికి పోదు, నోటి జోలికి పోదు. గడ్డ యాడుండాదో, ఎంతుండాదో స్కానులో కూడా బాగా కనపడతాది," అన్నాడు.

అమ్మ ఆ సీసాను చాలాసేపు ఆడించింది. ఎప్పుడొస్తాదని అడిగింది. వస్తాది అన్నాడు వాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వేలూరును గాలికొదిలేసింది.

నేను పుంగనూరు పాలకేంద్రంలో పనిచేస్తాను. పాలల్లో నీళ్లు కలుపుకొచ్చి మా ఆవు అట్లే ఇచ్చిందనేవాళ్లతో పొద్దున్నే గొంతు చించుకునేదాన్ని. వాళ్లతో నెగ్గుకొచ్చాను గానీ అమ్మతో నా వల్ల కాలేదు. బతిమాలాను, అరిచాను. నేను అలిగి తిండి మానేస్తే ఆ నీరసంలోనే వచ్చి ముద్దలు కలిపి పెట్టింది. నా మాట మాత్రం వినలేదు.

ఆదివారం బస్సెక్కి కుప్పం పోయాను.

"ఆశ పెట్టింది నువ్వు. నువ్వే వచ్చి కాదని చెప్పు," అన్నాను.

"నేను అబద్దం చెప్పలేదు అశ్వినీ."

"నిజం సగమే చెప్పినావు. మిగతాది కూడా చెప్పు. పా, బస్సెక్కు."

బస్సులో దారి పొడుగునా వాడిది ఒకటే గోడు. పొడి ఉండలు కట్టేస్తోందట. గడ్డ దాకా పోకుండా సగం కాలేయంలోనే చిక్కుకుపోతోందట. పైపైన ఉన్న గడ్డకైతే ఫరవాలేదు గానీ, లోతుగా ఉంటే అయస్కాంతం లాగలేదట. వాడి ఏడుపు వాడిది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మేం పోయేసరికి అమ్మ ఆవుకు గడ్డి వేస్తోంది.

"చిన్నమ్మా, నా మందు ఇంకా మనుషుల దాకా రాలేదు. ఎలకల కాడే ఉండాది," అన్నాడు రాజగోపాల్.

"ఎలకలకిచ్చేది నాకియ్యడానికి నీకేమప్పా నొప్పి?"

వాడు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"ఇస్తే ఏమైతాదో తెలీదు చిన్నమ్మా. కొన్ని ఎలకలు సచ్చిపోయినాయి."

"మడి ఎన్నాళ్లు పడతాది?"

"పదేండ్లు పట్టొచ్చు. ఇంకా ఎక్కువే కావచ్చు."

అమ్మ చేతిలో గడ్డి అట్లే ఉండిపోయింది. ఇంక ఏడుస్తుందని అనుకున్నాను. ఏడవలేదు. గడ్డి ఆవు ముందు పడేసి చేతులు దులుపుకుంది.

"పదేండ్లు నేనుండాల గదా అట్లయితే. వేలూరికి ఎప్పుడు పోదాం అశ్వినీ?"

అసలు రాకపోనూవచ్చు అని చెప్పబోయినట్టున్నాడు, రాజగోపాల్ నోరు తెరిచాడు. నిజమంతా చెప్పమని కుప్పం నుంచి ఈడ్చుకొచ్చినదాన్ని నేనే. వాడి కాలు తొక్కాను.

వేలూరులో మొదటి విడత ఇచ్చిన ఎర్రమందే మళ్లీ ఎక్కించారు. నర్సు అటు తిరగగానే అమ్మ సంచిలోంచి అయస్కాంతం తీసి గడ్డ మీద పెట్టుకుంది.

"ఈ మందులో ఇనుము లేదుమా. దీన్ని అది లాగదు," అన్నాను విసుగ్గా.

"నాకు తెల్దా? వాడు సెప్పినాడు గదా."

"తెలిసీ యాల పెట్టుకుంటావు మడి?"

"పెట్టుకుంటే నీదేం పోయిందే," అంది.

ఎర్రమందు చుక్క చుక్కగా ఆమె జుట్టుకూ నోటికీ అన్నిటికీ పోతోంది. ఆపరేషన్ దాకా ఇంకెన్నిసార్లు ఈ హింస పడాలో. రాజగోపాల్ మీద, వాడి సీసా మీద, ఆ పదేళ్ల మీద నాకు ఏడుపు తన్నుకొచ్చేంత కోపం వచ్చింది. ముందుగా ఇచ్చిన ఇంజెక్షన్‌కు అమ్మకు నిద్ర పట్టేసింది. చెయ్యి సడలి అయస్కాంతం పక్కకు జారింది.

ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూశాను. దాన్ని తీసి గడ్డ మీద సరిగ్గా పెట్టి, అరచేత్తో అదిమి పట్టుకున్నాను. మందు అయిపోయేదాకా చెయ్యి తియ్యలేదు.