కామా దగ్గర విరిగిన అంకె

గున్‌వోర్ కంప్యూటర్ తెరమీది మందుకాగితాన్ని చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఐవిన్, గుండె మందు, ఐదు మిల్లీలీటర్లు.

ఐవిన్ ఆమె కొడుకు. వాడికి వెయ్యాల్సింది అర మిల్లీలీటరు. డాక్టరు గట్టిగా చెప్పింది: "సున్నా కామా ఐదు. అంతకు మించితే ఆ చిన్న గుండె తట్టుకోలేదు."

పురపాలక ఆఫీసులో పదకొండు శిశుబడుల మందుకాగితాలు చూసేది గున్‌వోరే. పాత ఫైళ్ళను ఒక్కొక్కటీ తెరిచి కొత్త రూపంలోకి ఎక్కించలేక, చదువు మధ్యలో మానేసిన మనిషే అయినా, ఎవరో రాసిన ఒక ప్రోగ్రాంని తంటాలు పడి అమర్చుకుంది. ఇటు పాత ఫైలు వేస్తే అటు చక్కటి పట్టిక వస్తుంది. శుక్రవారం మీట నొక్కింది. "ఇక నీకు పనేముందే? కాఫీ కాచుకుంటూ కూర్చో!" అన్నాడు పైఅధికారి తోర్గర్.

ఆ కాగితాలు ఈ పొద్దునే బడులకు వెళ్ళాయి.

ఇప్పుడు అర్థమైంది. ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళు దశాంశానికి చుక్క పెట్టేవాళ్ళు. ఈ దేశంలో అందరూ పెట్టేది కామా. అది కామాని గడుల మధ్య గోడ అనుకుని, సున్నాని ఒక గడిలోకీ ఐదుని పక్క గడిలోకీ తోసేసింది. సున్నా గడి అచ్చులో అంచు దాటి తెగిపోయింది.

వాడికి మందు పదకొండింటికి. గడియారం పదీ నలభై. బడికి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. ఈ వేళప్పుడు పిల్లలూ టీచర్లూ అందరూ బయట మంచులోనే ఆడుతుంటారు, ఫోను లోపల గోడకి. మందులు వాడే పిల్లల పేర్ల కాగితం జేబులో కుక్కుకుని, ఆమె కారు తాళాలు లాక్కుని పరిగెత్తింది.

"బోదిల్! వాడికి మందేశావా?" అని గేటు దగ్గరినుంచే అరిచింది.

"ఏంటమ్మా ఆ ఊగిపోవడం? బయట గాలికి, పిల్లల బండిలో నిద్రపోతున్నాడు," అంది టీచరు బోదిల్.

"వేశావా లేదా చెప్పు!"

"లేదే. ఈ సిరంజిలో పట్టేదే ఒకటి, ఐదుసార్లు నింపాలా? మీ ఆఫీసులో లెక్కలొచ్చినవాళ్ళే లేరా అని నవ్వుకున్నాం. నిన్నడిగాకే వేద్దామని ఆగా."

గున్‌వోర్‌కి నవ్వు రాలేదు. చూరు కింద బండిలో, దుప్పటి లోపలికి చెయ్యి పెట్టింది. వెచ్చటి ఛాతీ పైకి లేచింది, దిగింది. మళ్ళీ లేచేదాకా ఆమె ఊపిరి పీల్చలేదు.

"అన్ని బడులకీ ఇలాంటి కాగితాలే వెళ్ళాయా?" బోదిల్ గొంతు మారిపోయింది.

గున్‌వోర్ తోర్గర్‌కి ఫోన్ చేసింది. "ఈ రోజు ఎవరూ ఏ బిడ్డకీ మందు వెయ్యొద్దని చెప్పించు. ఫోనెత్తకపోతే మనుషుల్ని పంపు."

"ఎవరు చేశారీ పని?"

"నేనే. రాసుకో, పేర్లు చెప్తా."

జేబులోని కాగితం తీసి చదవసాగింది. ఐదో పేరు దగ్గరికి రాగానే చదవడం ఆపేసింది.

"తోర్గర్, ముందు సున్నివా దగ్గరికి అంబులెన్స్ పంపు. దానికి మందు తొమ్మిదింటికే వేసేసి ఉంటారు."