తూర్పు మలుపు

ట్రైలర్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని బొటనవేలితో నొక్కుకుంటూ హరనాథ్ రెండో చుట్టు తిరుగుతున్నాడు. నొక్కిన చోట పట్టీ లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తే మంచిదే. లేవకపోతే అక్కడ నీళ్లు కారతాయి. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు వాకిట్లో ఉన్న కారు తలుపు తెరిచి ఇలా నొక్కి చూడటం ఆయనకు అలవాటు. వాళ్లుండే నోవై ఊళ్లో ఆయన వేలు పడని తెలుగువాళ్ల కారు లేదంటే అతిశయోక్తి కాదు.

ముప్పై ఏళ్లు ఆయన చేసిన ఉద్యోగం అదే. కార్లకు రబ్బరు పట్టీలు చేసే కంపెనీలో, కొత్త కారులోకి ఎక్కి తలుపులన్నీ వేసుకుని కూర్చోవాలి. పైనుంచి గొట్టాలతో వాన కురిపిస్తారు. లోపల చుక్క ఎక్కడ పడుతుందో టార్చిలైటు వేసి వెతకాలి. అలా ఎన్ని కార్లలో కూర్చున్నాడో లెక్కలేదు గానీ వాటిలో ఒక్కటీ కదల్లేదు. సెలవులొస్తే ఇండియా, లేదంటే షాంటిలీలో తోడల్లుడి ఇల్లు. ఇంత పెద్ద దేశంలో ఆయన ఎరిగిన దారులు అంతే. రిటైరైన రోజు ఆఫీసులో కేకు కోసి ఇంటికొచ్చి, భార్యతో, "వసంతా, కదిలే బండిలో కూర్చోవాలని ఉంది," అన్నాడు.

వసంతలక్ష్మి నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆర్నెల్లు తిరక్కుండానే మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న ట్రైలర్ ఒకటి, దాన్ని లాగడానికి ఒక పికప్ ట్రక్కు కొన్నాడు. ఈ రకం ట్రైలర్ ట్రక్కు వెనక వేలాడదు. దాని ముక్కు ట్రక్కు తొట్టి మీదికి ఎక్కి, అక్కడ బిగించిన ఇనుప పట్టులో కూర్చుంటుంది. పొడుగు తొట్టి ఉన్న ట్రక్కయితే ఏ బాధా లేదు. కానీ గ్యారేజీ తలుపు మూతపడదని వసంతలక్ష్మి పట్టుబట్టి పొట్టి తొట్టిది కొనిపించింది. పొట్టి తొట్టితో వచ్చే చిక్కేమిటంటే, ఇరుకు మలుపు తిప్పినప్పుడు ట్రైలర్ ముక్కు వచ్చి ట్రక్కు వెనక అద్దాన్ని పొడుస్తుంది. దానికి విరుగుడూ ఉంది. మలుపుకు ముందే దిగి లివర్ లాగి, ట్రైలర్‌ని బ్రేకుతో ఆపి, ట్రక్కును కాస్త ముందుకు పోనిస్తే ఆ పట్టు జానెడు వెనక్కి జరుగుతుంది. చర్చి ముందు ఖాళీ పార్కింగ్‌లో నెల రోజులుగా ఆయన ఆ కిటుకే సాధన చేస్తున్నాడు.

కూతురు విద్యకు మాత్రం ఇదేదీ నచ్చలేదు. యాన్ ఆర్బర్‌లో ఉండే ఆ పిల్లకు నాన్న వయసు నాన్న కంటే బాగా గుర్తు. వాదించి వాదించి తండ్రీకూతుళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. కాలనీ గేటు దాటేలోపు దేనికైనా దెబ్బ తగిలితే ట్రైలర్‌ని విద్య కొలీగ్‌కి అమ్మేయాలి, చలికాలమంతా విద్య ఇంట్లో బేస్‌మెంటులో ఉండాలి. తగలకపోతే చలికి దూరంగా అరిజోనా ప్రయాణం. హరనాథ్ చెయ్యి కలిపాడు. ఆ ఒప్పందం తీర్పు చూడటానికే ఈ అక్టోబరు ఆదివారం పొద్దున్నే విద్య వచ్చి, కాఫీ కప్పుతో ఇంటి మెట్ల మీద కూర్చుంది.

ఆయనకు ధైర్యంగానే ఉంది. ఇంటి ముందు నుంచి కుడికి, అంటే పడమరకు తిరిగితే దారి విశాలం. లివర్‌తో పనే లేదు. వసంతలక్ష్మి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, చీర కుచ్చిళ్లు పట్టుకుని ట్రక్కెక్కి కూర్చుంది. ఆయన ఇంజన్ స్టార్ట్ చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

"ఏమండీ, ఇవాళ ఆదివారం. పడమరకి శూల, అటు బయల్దేరకూడదు."

"అరిజోనా పడమరే వసంతా. దాన్నిప్పుడు జరపలేం కదా."

"అరిజోనా మాట కాదు. తొలి అడుగు తూర్పుకి పడితే చాలు. వీధి చివర రౌండు తిరిగి వచ్చేద్దాం. అప్పుడు దోషం లేదు."

"పంచాంగం ఇండియా టైము చూశావా, ఇక్కడిదా?"

"ఆదివారం ఎక్కడైనా ఆదివారమేనండీ."

పెళ్లయిన నాటి నుంచి ఇలాంటి వాదాల్లో నెగ్గేది ఆమే. ఎడమకు తిప్పాడు. అటువైపు పక్కింటివాళ్ల మెయిల్‌బాక్స్ దారికి మరీ దగ్గరగా ఉంది. ధ్యాసంతా దాని మీద పెట్టాడు. నిమ్మకాయలు టప్పుమన్నాయి. మెయిల్‌బాక్స్‌కి తగల్లేదని ఊపిరి పీల్చుకుంటుండగా, వెనక సీట్లో బియ్యం బస్తా మూతి విప్పి కుమ్మరించినట్టు చప్పుడైంది.

వెనక అద్దం లేదు. అది ఉండాల్సిన చోట ట్రైలర్ తెల్లటి ముక్కు, మాట వినడానికి వచ్చినట్టు లోపలికి తొంగి చూస్తోంది. లివర్ లాగలేదు. నెల రోజులు సాధన చేసిన కిటుకు సమయానికి గుర్తు రాలేదు.

విద్య కప్పు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, నీకు ఏం కాలేదు కదా? అమ్మా?" ఇద్దరి చేతులూ మొహాలూ తడిమి చూసింది. ఆమె మొహంలో గెలిచిన సంతోషం కాస్త ఉన్నా ఆయనకు తేలికయ్యేది. లేదు. మెల్లగా, "ఇట్స్ ఓకే నాన్నా. కానీ మన డీల్..." అంది.

"డీలేనమ్మా. మీ కొలీగ్‌కి ఫోన్ చెయ్," అన్నాడు హరనాథ్. గొంతు మామూలుగానే వచ్చింది. ట్రక్కును మెల్లగా వెనక్కి తెచ్చి ఇంటి ముందు ఆపాడు. దిగబుద్ధి కాలేదు. ఆగి ఉన్న బండిలో కూర్చోవడం తనకు రాసిపెట్టి ఉంది కాబోలు అనుకున్నాడు. ఏడుపొచ్చింది, చిన్నపిల్లాడిలా.

వసంతలక్ష్మి ట్రక్కు దిగింది. గ్యారేజీలోంచి చీపురు, మంచు తోసే పార తెచ్చింది. వెనక సీటు, తొట్టి, కింద పడ్డవి అన్నీ ఊడ్చి పారలోకి ఎత్తింది. విద్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకోబోతుంటే ఆపింది.

"విద్యా, ఫోన్ పెట్టెయ్."

"అమ్మా, వి హ్యాడ్ ఎ డీల్."

"ఆ డీల్ మీ నాన్నతో. అద్దం పగలగొట్టింది నేను. పొట్టి ట్రక్కు కొనిపించింది నేను. తూర్పుకి తిప్పమన్నది నేను. ఆయన మానాన ఆయన్ని వదిలేసుంటే ఈపాటికి హైవే ఎక్కేవారు."

"దట్స్ నాట్ హౌ ఇట్ వర్క్స్, అమ్మా."

"అలాగే వర్క్ అవుతుంది. దిష్టి పోయింది. ఇంత అయ్యాక బేస్‌మెంటులో కూర్చుంటే అద్దం దండగ."

విద్య తల్లిని చూసింది. ట్రక్కులో కళ్లు తుడుచుకుంటూ, దొరికిపోయినట్టు తల తిప్పుకున్న తండ్రిని చూసింది. ఫోన్ జేబులో పెట్టుకుంది.

చెత్త వేసే పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి కోసి, అద్దం ఉన్న చోట టేపుతో అంటించారు. విద్య సాగదీసి పట్టుకుంటే, హరనాథ్ అంచులు ఒత్తాడు. రేపు దారిలో ఏదో ఒక ఊళ్లో అద్దం వేయించుకోవచ్చు.

"ఈలోపు వాన వస్తే?" అంది వసంతలక్ష్మి.

"వస్తే లోపలికి వస్తుంది. ఈసారి టార్చిలైటు వేసి వెతకను."

ముగ్గురూ నవ్వారు. విద్య తొట్టి పక్కకి వెళ్లి వంగి చూసింది. "లివర్ ఏది నాన్నా?" ఆయన చూపించాడు. ఆమె రెండు చేతులతో లాగింది. ఆయన ట్రక్కును కొద్దిగా ముందుకు పోనిస్తే ఇనుప పట్టు టక్కున వెనక్కి జరిగింది.

"ఎవ్రీ నైట్ కాల్ చేస్తా. నువ్వు ఎత్తకపోతే పోలీస్‌కి చెప్పేస్తా," అంది.

"మీ అమ్మ ఎత్తుతుందిలే."

ఎడమకు తిప్పాడు. మెయిల్‌బాక్స్ పక్కనుంచి ట్రైలర్ సాఫీగా వెళ్లిపోయింది. వీధి చివర రౌండు తిరిగి పడమరకు మళ్లి, మళ్లీ తమ ఇంటి ముందుకే వచ్చారు. విద్య మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపింది. హారన్ కొట్టబోయి, ఇరుగుపొరుగు ఇంకా నిద్రలో ఉంటారని మానుకున్నాడు. వసంతలక్ష్మి ఒళ్లో ఉన్న హారతి పళ్లెంలోని ప్రసాదం ముక్క తుంచి ఆయన నోట్లో పెట్టింది. బండి గేటు వైపు కదులుతూనే ఉంది.

పక్క అద్దంలో ఇల్లు చిన్నదవుతుంటే, విద్య లోపలికి వెళ్లి తలుపు వేసుకోవడం కనిపించింది. వాకిట్లో మంచు తోసే పార అలాగే ఉండిపోయింది, నిండా పటికబెల్లం పలుకుల్లాంటి అద్దం ముక్కలతో, ఎండకు మెరుస్తూ.