కొంగల బ్యాండు ఐదో రికార్డు

మొదటి వైపు మాత్రం ఇప్పటికీ చెత్తే, అందులో మాట మార్చేది లేదు, ఆ ఐదు పాటల్లో గిటారు వాయించేవాడికి డ్రమ్ములవాడంటే పడదని తెలిసిపోతూనే ఉంటుంది, ఒకడు పోదామంటే ఇంకొకడు కూర్చుందామంటాడు, కానీ రెండో వైపు సంగతి వేరేమో, అసలు రెండో వైపు నేను సరిగ్గా విన్నానా అని కళ్యాణకట్ట వరసలో నిలబడి ఆలోచిస్తున్నాను, చేతిలో టోకెను, ముందు పదిమంది, కాళ్ల కింద తడి సిమెంటు, దాని మీద ఎవరెవరి జుట్టో, పొద్దున ఏడు కూడా కాలేదు, కొండ మీద చలి చొక్కా లేని వీపుకు బాగా తెలుస్తోంది, ఇలాంటి చోట నిలబడి ఎక్కడో ఇంగ్లండులో నలుగురు పాడిన ఐదో రికార్డు గురించి ఆలోచించేవాణ్ని నేనొక్కణ్నే అయుంటాను, వెనకున్నాయన గోవిందా అన్నప్పుడల్లా నేనూ పెదాలు కదుపుతున్నాను, అనకపోతే బాగుండదని.

వాళ్ల పేరు హెరన్స్, అంటే కొంగలే, అందుకని తిరుపతి యూనివర్సిటీ హాస్టల్లో అందరికీ అది కొంగల బ్యాండు, మొదటి నాలుగు రికార్డులూ మద్రాసు మూర్ మార్కెట్లో బేరమాడి తెచ్చింది నేనే, పాడి వినిపించింది నేనే, డెబ్బై నాలుగులో హాస్టల్ డే నాడు మెడ దాకా పెరిగిన జుట్టు విదిలిస్తూ స్టేజి మీద గొంతు చించుకున్నదీ నేనే, ధనంజయ, అంటే నేను, బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు, అంత పెత్తనం, ఆ పాటల్లో సగం మాటలు నాకే అర్థమయ్యేవి కావు, అది వేరే విషయం, డెబ్బై ఆరులో ఐదో రికార్డు వచ్చింది, అట్ట మీద నలుగురూ గుండ్లతో కూర్చుని ఉన్నారు, నున్నగా, చెవులు బయటికొచ్చి, నేను చూసి ఛీ అన్నాను, గది మొత్తం విరగబడి నవ్వింది, తిరపతికొచ్చి పోయినారబ్బా వీళ్లు అని ఒకడు, లడ్డు మనకు పెట్టకుండా తినేసినారే అని ఇంకొకడు, ఆ రోజు నుంచి దానికి గుండు రికార్డు అని పేరు పడిపోయింది, అది పెట్టమని మళ్లీ ఎవరూ అడగలేదు, ఒక్క సుందరరాజు తప్ప.

సుందరరాజుది పులికాట్ ఒడ్డున పడవలున్న ఇల్లు, నా గదిలోనే ఉండేవాడు, మాట తక్కువ, ఆ గుండు రికార్డే పెట్టుకుని సాయంత్రాలు కళ్లు మూసుకుని కూర్చునేవాడు, ఏముందిరా అందులో అని అడిగితే ఈడ పాడేవోడు వినపడతాడప్పా, ముందర నాలుగింట్లో జుట్టే వినపడేది అన్నాడు, ఆ మాటకు నాకు ఒళ్లు మండింది, అంత ఇష్టమైతే నువ్వే పెట్టుకుని ఊరేగు పో అని రికార్డు వాడి మంచం మీదికి విసిరేశాను, వాడు తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు, ఇప్పుడు శ్రీహరికోటలో టెక్నీషియను, రాకెట్ల దగ్గర పని, ఆరేళ్లలో ఆ రికార్డు మీద ఒక్క గీత కూడా పడనివ్వలేదు, మనిషి మాత్రం అప్పటిలాగే నెమ్మది, చూస్తే చిరాకు పుడుతుంది.

వరస కదిలింది, నా వంతు, పీట మీద కూర్చున్నాను, ఎదురుగా అరవై దగ్గరి మనిషి, పక్కవాళ్లు మునస్వామన్నా అంటున్నారు, నా తల మీద నీళ్లు పోసి వేళ్లతో జుట్టు తిరగేసి, ఏమప్పా, ఎన్నేండ్ల పంట ఇది అన్నాడు, తొమ్మిదేళ్లన్నా అన్నాను, నాటకాలాడతావా అన్నాడు, లేదన్నా, చిత్తూరు తాలూకాఫీసులో గుమాస్తా అంటే పక్క పీట దగ్గరాయన కూడా కత్తి ఆపి నవ్వాడు, మునస్వామి మాత్రం జుట్టు తూచినట్టు పట్టుకుని, ఇంత పెంచుకున్నేవు, పాపం, ఆడోళ్లకైతే మూడు కత్తెర్లు ఉండాది, నీకూ అట్లే మూడు కత్తిరించి పంపించేదా, సామి ఏమనుకోడులే అన్నాడు, ఎగతాళికే అన్నాడు, కానీ ఒక్క క్షణం నా ప్రాణం లేచి వచ్చింది, మూడు కత్తెర్లు, వెనక పక్క, ఎవరికీ తెలియదు, అప్పుడే వేలూరు ఆస్పత్రిలో మంచం మీద అమ్మ నా తల వైపు చూసే చూపు గుర్తొచ్చింది, వద్దన్నా, గుండే అన్నాను.

మొక్కింది ఆమె, తల నాది, ఇదీ ఆరేళ్లుగా నా వాదన, డెబ్బై ఆరులో నాకు కామెర్లు వచ్చి ఐదు వారాలు చిత్తూరు ఇంట్లో పడుకుంటే అమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి పోసి, నా కొడుకు లేసి తిరిగితే వాడి తల నీలాలు ఇస్తా అని మొక్కుకుంది, నన్నడగలేదు, అడిగే స్థితిలో నేను లేను, లేచి తిరిగాక చెప్పింది, నాకు నమ్మకం లేదు అన్నాను, పెద్ద హేతువాదిలా, నేల ఉసిరి పనిచేసిందమ్మా, సామి కాదు అన్నాను, నేల ఉసిరి ఎవురు మొలిపించినారురా అంది, నాయన బెల్లం మండీ నుంచి వచ్చి ఇద్దరూ ఊరుకోండి అనేవాడు, ఇప్పుడు అమ్మ కడుపులో గడ్డ, ఎల్లుండి బుధవారం ఆపరేషన్, డాక్టరమ్మ కాగితం పెడితే అమ్మ సంతకం చేయనంది, మొక్కు మోసుకోని కత్తి కింద పండుకోనమ్మా, నా కొడుకు కొండకు పోయొస్తే అప్పుడు పెడతా అంది, డాక్టరమ్మ నా వైపు చూసింది, నా జుట్టు వైపు కూడా, వార్డులో ఉన్న పన్నెండు మంచాలూ నా జుట్టు వైపే చూశాయి.

కత్తి నడినెత్తి మీద పెట్టాడు, చల్లగా, వంచు నాయనా, ఇంకా వంచు అంటున్నాడు, ఒడిలోకి మొదటి పాయ పడింది, నల్లగా, తడిసి, ఇది నాదేనా అనిపించింది, కొంగల బ్యాండు వాళ్లకూ ఇలాగే అనిపించిందా, వాళ్లెందుకు గొరిగించుకున్నారో నాకు తెలుసు, యూనివర్సిటీ లైబ్రరీలో ఓ ఇంగ్లీషు వారపత్రికలో చదివాను, పాటలు పాతబడ్డాయి, మనుషులన్నా కొత్తగా కనబడండి అని రికార్డు కంపెనీవాడు చెప్పాడట, అంతే, మొక్కూ లేదు మన్నూ లేదు, కానీ పోయిన వారం, ఆస్పత్రిలో చేరకముందు, సుందరరాజు మా అమ్మను చూడటానికి చిత్తూరు వచ్చాడు కదా, ఎండు రొయ్యల పొట్లం ఒక చేతిలో, టేప్ రికార్డరు ఒక చేతిలో, చంకలో ఆ రికార్డు అట్ట, క్యాసెట్లోకి ఎక్కించుకున్నాడట, అమ్మా, ఒక పాట వింటావా అన్నాడు, నేను వద్దురా ఆమెకు ఇదంతా పడదు అన్నాను, పడదు మరి, నా మొదటి నాలుగు రికార్డులకూ ఎవురినో కొడతాండారు, పోయి ఇడిపించండి అని వంటింట్లోంచి కేకలేసిన మనిషి.

వాడు రెండో వైపు పెట్టాడు, మూడో పాట, డ్రమ్ములు లేవు, ఒక గిటారు, ఒక గొంతు, అమ్మ మంచం మీద పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని వింది, మొత్తం వింది, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, ఈ పిల్లోడు ఎవురి మంచం పక్కనో కూర్చోని పాడతాండాడు రా అంది, ఎవురికో బాగలేదు, వాళ్లకు నిద్దర పట్టాలని పాడతాండాడు అంది, తరవాత అట్ట చేతికి తీసుకుని నాలుగు గుండ్లూ చూసి, అయ్యో, వీళ్లు గూడా మొక్కు తీర్చుకున్నారే అంది, నేను కంపెనీ సంగతి చెప్పబోతే సుందరరాజు నా తొడ గిల్లాడు, అవునమ్మా, తీర్చుకున్నట్టే ఉండారు అన్నాడు, ఏసుక్రీస్తుకు రోజూ మొక్కే మనిషి, ముఖంలో నవ్వు లేకుండా అన్నాడు, అమ్మ నన్ను ఎగాదిగా చూసి, తెల్లోళ్లకుండే బుద్ధి నీకు లేకపాయనే అంది, అందరం నవ్వాం, నేను ఎక్కువ నవ్వాను, లేచి బయటికి పోయి పంపు దగ్గర ముఖం కడుక్కున్నాను.

చెవి పక్కన జాగ్రత్తగా తీస్తున్నాడు మునస్వామి, ఆ మూడో పాటే నా తలలో మొదటి నుంచీ నడుస్తోంది, ఆపరేషన్ చీటీలు రాయించుకునేటప్పుడూ నడిచింది, ఘాట్ రోడ్డు బస్సులో మలుపు మలుపుకూ నడిచింది, అందులో పాడేవాడి గొంతు రెండు చోట్ల వణుకుతుంది, ఒక చోట శ్రుతి కూడా తప్పుతుంది, ముందు నాలుగు రికార్డుల్లో అయితే అలాంటి చోట పెద్ద కేక వేసి దాటేసేవాడు, ఇక్కడ కేక లేదు, వణికితే వణికిందని అలాగే పాడుకుంటూ పోయాడు, బాగుంది, అవును, బాగుంది, ఆ తరవాతి పాటా బాగుంది, చివరిది కొంచెం సాగదీశాడు కానీ అదీ తీసిపారేసేది కాదు, మరి ఆ రోజు నాకెందుకు వినబడలేదు, వినబడకేం, నేను విననే లేదు, సూది రికార్డు మీద పెట్టకముందే ఛీ అన్నాను, అప్పటికి కామెర్లు తగ్గి హాస్టలుకు వచ్చి మూడో రోజు, మొక్కు సంగతి అమ్మ చెప్పి వారం, కళ్లలో ఇంకా పచ్చదనం పోలేదు, అట్ట మీద నలుగురి గుండ్లు చూస్తే ఐదోది నాదే కనబడింది, భయపడ్డాను, అది పాట మీద తోసేశాను, నా మాట నమ్మి హాస్టలు హాస్టలంతా ఒక మంచి రికార్డును చెత్త అంది, ఒక్క మనిషి చెవులు పెట్టి విన్నాడు, వాడి మంచం మీదికి విసిరాను, సిగ్గేసింది, పీట మీద కూర్చుని నిజంగా సిగ్గేసింది, సుందరరాజుకు ఉత్తరం రాయాలి, ఉత్తరమేంటి, బుధవారం రక్తమివ్వడానికి వాడే వస్తానన్నాడు, ముఖం మీదే చెప్తాను, రెండో వైపు నువ్వు చెప్పిందే నిజంరా అని, మొదటి వైపు మాత్రం ఒప్పుకోను.

అయిపాయె నాయనా, పో, నీళ్లు పోసుకో, అని మునస్వామి వీపు మీద తట్టాడు, చెయ్యి నెత్తి మీదికి పోయింది, ఎవరి తలో పట్టుకున్నట్టుంది, పంపు కింద కూర్చున్నాను, నీళ్లు నేరుగా నెత్తికి తగిలాయి, ఇంత చల్లగా ఎప్పుడూ తగల్లేదు, ఏడుపొచ్చింది, జుట్టు పోయినందుకని పక్కనున్న పిల్లల తండ్రి అనుకున్నాడేమో, మళ్లీ వస్తాదిలే అప్పా అన్నాడు, జుట్టుకు కాదు, నిన్న మధ్యాహ్నం వార్డులోంచి బయల్దేరేటప్పుడు అమ్మ ఒక మాట అంది, దాని దగ్గరికి పోకుండా ఉండటానికే దారి పొడుగునా రికార్డు గురించి ఆలోచిస్తూ వచ్చాను, నా జుట్టు నిమిరి, పోయి ఇచ్చేసి రా నాయనా, నాకు మిగిలింది ఇదొక్కటే, ఇది తీరిపోతే ఎప్పుడు పిలిసినా పోతా అంది, నవ్వుతూనే అంది, నాయన కిటికీ వైపు తిరిగిపోయాడు, నేను బస్సుకు టైమైందని వచ్చేశాను.

ఏటా అడిగేది, బ్రహ్మోత్సవాలు రాగానే అడిగేది, వచ్చే ఏడు చూద్దాంలేమ్మా అనేవాణ్ని, సరే, వచ్చే ఏడు సూస్తా, యాడికి పోతావు అనేది, అలా ఆరుసార్లు వచ్చే ఏడు అంది, అన్నమాట ప్రకారం ఆరేళ్లూ ఉంది, పాడటం మానేసి నాలుగేళ్లయింది, స్టేజి లేదు, చూసేవాళ్లు లేరు, తహసీల్దారు ఎదురుపడినప్పుడల్లా మొహం చిట్లించేవాడు, అయినా జుట్టు కత్తిరించుకోలేదు, నమ్మకం లేకనే అని అందరితో అన్నాను, అబద్ధం, అది నా తల మీద ఉన్నంతకాలం అమ్మకు నాతో ఇంకా పని ఉంది, ఆమె ఎక్కడికీ పోదు, ఇప్పుడు ఇచ్చేశాను, ఇంకేమీ మిగల్లేదు, ఎవరో గోవిందా అన్నారు, ఈసారి పెదాలు కదిపి ఊరుకోలేదు, గట్టిగానే అన్నాను, సామీ, నీ మీద నమ్మకం ఉందో లేదో నాకే తెలీదు, అమ్మ లేచి కూర్చుంటే మళ్లీ ఇస్తాను, ఇంతే పొడుగు, భుజాల దాకా పెంచి, అమ్మే నా చెయ్యి పట్టుకుని ఈ పీట దాకా తీసుకురావాలి, అదీ మొక్కు అన్నాను, అనేశాక తెలిసింది మొక్కుకున్నానని, వెంటనే బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి వేలూరు, గుండు ఆమె చూస్తుంది, దాని గురించి చెప్పక్కర్లేదు, చెప్పాల్సింది ఇది, ఈసారి మొక్కుకున్నది నేనమ్మా, నువ్వు రాకుండా తీరేది కాదు, ఇంత జుట్టు రావాలంటే మూడేళ్లు పడతాది, ఉండాల నువ్వు.