అడిగి నడిచిన దారి

ఆ బుధవారం పొద్దుట్నుంచీ మ్యూరియల్ బెడోస్‌కి కాలు ఒకచోట నిలవలేదు. హోప్‌బ్యాచ్ ఊరి హాల్లో మడత కుర్చీలు వేశారు, విచారణాధికారికి బల్ల పెట్టారు, టీ కూడా సిద్ధం చేశారు. ఈవిడ మాత్రం కూర్చోదు. కిటికీ దాకా వెళ్తుంది, వెనక్కొస్తుంది. కోటు గుండీలు పెడుతుంది, మళ్లీ తీస్తుంది.

"కాస్త కుదురుగా కూర్చో మహాతల్లీ! నిన్ను చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు పక్కింటి క్లిఫ్ గిటిన్స్.

"నోర్మూసుకో క్లిఫ్."

గొడవంతా ఏడు రాతిమెట్ల గురించి. ఊరి వెనక కొండవాలులో, ముళ్లచెట్ల కింద, ఎండిపోయిన ఊటలోకి దిగే మెట్లవి. డెబ్బై ఏళ్ల కిందట ఈ ఊరి పంతులమ్మ ఒకావిడ 'ఏడో మెట్టు కింది దేశం' అని పిల్లల నవల రాసింది. అందులో ముగ్గురు పిల్లలు ఆ మెట్లు దిగే వేరే లోకంలోకి పోతారు. ఆ పుస్తకంతో పెరిగినవాళ్లు ఇప్పటికీ ఎక్కడెక్కణ్ణుంచో వెతుక్కుంటూ వస్తారు. బట్టతల పెద్దమనుషులు కూడా అక్కడికొచ్చి ముక్కు చీదుకుంటారంటే చూసుకోండి! ప్రతి శనివారం పదింటికి వాళ్లను నడిపించుకెళ్లేది మ్యూరియల్. ఇరవై ఆరేళ్లుగా అదే పని.

ఆవిడకి ఆ మెట్లంటే అంత పిచ్చి ఊరికే పట్టలేదు. తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. ఆ చలికాలమంతా ఆ పుస్తకమే పట్టుకుని మంచం దిగలేదు పిల్ల. మంచు కరిగాక తండ్రి ఒక్క మాటా చెప్పకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ మెట్ల ముందు నిలబెట్టాడు. పుస్తకంలో ఉన్నది నిజంగా ఉంది! చేత్తో తాకితే చల్లగా తగిలింది. ఆరోజు రాత్రే, తల్లి పోయాక మొదటిసారి, కడుపునిండా రెండు గిన్నెల సూపు తాగింది.

ఇప్పుడు ఆ పొలం ఫారంట్ అనే ఆయనది. ముసలి ప్రీస్ చనిపోయాక లండన్ నుంచి వచ్చి కొన్నాడు. వచ్చీరాగానే గేటుకి తాళం వేశాడు. ఊరు ఊరుకోలేదు, అది జనం దారి అని అర్జీ పెట్టింది. ఇక్కడి చట్టం చిత్రమైనది. జనం ఒక దారిన ఇరవై ఏళ్లు దాక్కోకుండా, తాళాలు విరగ్గొట్టకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా నడిస్తే అది ఎప్పటికీ జనానిదే. అడిగి నడిస్తే మాత్రం అది యజమాని దయ. దయ చూపినవాడు దాన్ని మానేయనూవచ్చు.

మ్యూరియల్ కాక నలభై ఒక్కమంది సాక్ష్యం ఫారాలు నింపారు. నలభైమందీ మ్యూరియల్ వెనక నడిచినవాళ్లే. మిగిలిన ఒక్కడూ క్లిఫ్, కుక్కని వెంటేసుకుని రోజూ పొద్దున్నే సొంతంగా పోయేవాడు. ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. "అడగడానికి నోరు రాదా నీకు? మొరటు మనిషి!" అని మ్యూరియల్ ఎన్నేళ్లు తిట్టిందో లెక్కలేదు. తీరా చూస్తే చట్టానికి కావాల్సింది అలాంటి మొరటు మనుషులేనట. అయితే ఒక్క క్లిఫ్‌నీ ఒక కుక్కనీ కలిపి 'జనం' అంటే ఏ అధికారి ఒప్పుకుంటారు?

ఆవిడ ఫారంలో పదకొండో ప్రశ్న ఖాళీగా ఉంది. ఎప్పుడైనా అనుమతి అడిగారా? అడగకేం! ఏటా ఏప్రిల్ మొదటి శనివారం, నారింజ మార్మలేడ్ సీసా పట్టుకుని ప్రీస్ తలుపు కొట్టేది. "ఈ ఏడు కూడా జనాన్ని తీసుకెళ్లొచ్చా? మీకేం అభ్యంతరం లేదు కదా?" అనేది. "వెళ్లండమ్మా, ఏటా ఈ అడగడమేమిటి?" అని ఆయన విసుక్కునేవాడు. అయినా అడిగేది. తమ కాలు తొక్కినవాడికి తామే సారీ చెప్పే మనుషులు ఈ ఊరివాళ్లు. మరొకరి గేటు అడక్కుండా ఎలా తెరుస్తారు?

"ప్రీస్ పోయాడు," అన్నాడు క్లిఫ్ గొంతు తగ్గించి. "నువ్వు ఆయన్ని అడిగిన సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు, అంతే. లేదు అని ఒక్క మాట అనేసి వచ్చి కూర్చో. నీ సొమ్మేం పోతుంది?"

"మిసెస్ బెడోస్," అని పిలిచింది విచారణాధికారి మిస్ పెల్హమ్.

అడగాల్సినవన్నీ అడిగింది. తేదీలు, నడిచినవాళ్ల సంఖ్య, గేటు ఎటు తెరుచుకునేదన్న సంగతి. మ్యూరియల్ టకటకా చెప్పింది. తర్వాత మిస్ పెల్హమ్ కాగితం తిప్పింది.

"పదకొండు ఖాళీగా వదిలేశారే?"

మ్యూరియల్ కుర్చీ అంచుకు జరిగింది. హాలంతా ఆవిడనే చూస్తోంది. క్లిఫ్ కళ్లతోనే బతిమాలుతున్నాడు. లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనేస్తే దారి దక్కుతుంది. కానీ లేదంటే ఏమైనట్టు? ఇరవై ఆరేళ్లు ఆ ముసలాయన పొలంలో దొంగలా తిరిగినట్టు. గుమ్మంలో చెప్పులతో నిలబడి, వెళ్లండమ్మా అన్న మనిషే లేనట్టు. మెట్లు దక్కడం కోసం ఆ మంచి మనిషిని తుడిచేయాలా?

"అడిగాను. ఏటా అడిగాను. ఆయన ఏటా సరేనన్నాడు," అంది. కన్నీళ్లు ఆగలేదు. "ఈ నలభైమంది తరఫునా నేనే అడిగాను."

వెనక ఎవరో "అయిపోయిందిరా దేవుడా," అన్నారు. మిస్ పెల్హమ్ తలెత్తకుండా రాసుకుంది. తీర్పు రావడానికి నెలలు పడుతుంది గానీ, అదేమిటో హాల్లో అందరికీ అర్థమైపోయింది.

మూడు రాత్రులు మ్యూరియల్‌కి కంటిమీద కునుకు లేదు. శనివారం పదింటికి చర్చి ముందు, తాళం సంగతి తెలియక, పంతొమ్మిదిమంది వచ్చి ఉన్నారు. ఒసాకా నుంచి వచ్చినావిడ తన చిన్నప్పటి పుస్తకాన్ని సంచిలోంచి తీసి చూపించి మళ్లీ భద్రంగా పెట్టుకుంది. వీళ్లకి ఏమని చెప్పాలి? గేటు దాకా తీసుకెళ్లి, అక్కణ్ణుంచే కొండ చూపించి తిప్పి పంపేద్దామనుకుని బయల్దేరింది. క్లిఫ్ కూడా కుక్కతో వెనకే వచ్చాడు.

గేటుకి తాళం లేదు. పక్కనే ఫారంట్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఇక కేసు తనదేనన్న ధీమా మొహంలో తెలిసిపోతోంది.

"రండి రండి మిసెస్ బెడోస్! మీరు నిజం చెప్పిన తీరు నాకెంతో నచ్చింది. అందుకే తాళం తీయించేశాను. ఎప్పుడైనా రండి, ఎంతమందినైనా తీసుకురండి. నాకేం కావాలి? ఒక్క మాట అడిగితే చాలు," అన్నాడు.

చెడ్డవాడు కాదు పాపం. మనస్ఫూర్తిగానే అన్నాడు. మ్యూరియల్ నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "మీకేం అభ్యంతరం..." దాకా వచ్చేసింది.

అక్కడ ఆగిపోయింది. ప్రీస్‌ని అడిగింది గౌరవం కొద్దీ. ఈయన్ని అడిగితే మాత్రం రేపు ఈయన కొడుకునీ అడగాలి, ఎల్లుండి ఈ పొలం కొనేవాణ్ణీ అడగాలి. వాళ్లలో ఏ ఒక్కడు కాదన్నా, తల్లి పోయిన ఏ పిల్లకీ ఆ రాళ్లు తాకే వీలుండదు.

నోరు మూసుకుని గడియ తీసింది. లోపలికి నడిచింది.

"మీరు అడగలేదు," అన్నాడు ఫారంట్, నవ్వు అలాగే మొహంమీద ఉండిపోగా.

"లేదు, అడగలేదు. ఈవేళ తారీఖు రాసి పెట్టుకోండి."

"ఓసి నీ! ఇరవై ఏళ్లు నిండేసరికి నీకు తొంభై రెండొస్తాయి!" అని క్లిఫ్ వెనకనుంచి అరిచాడు.

"వస్తే రానీ. మోకాళ్లు అరిగితే నువ్వు మోసుకెళ్దువుగాని."

ఆవిడ వెనక్కి చూడలేదు. పంతొమ్మిదిమందీ ఒకరి వెనక ఒకరు వరసగా, ఫారంట్ పక్కనుంచి పోతూ తలొంచి "సారీ, సారీ" అంటూ గేటు దాటారు. అనుమతి మాత్రం ఒక్కరూ అడగలేదు.