నడుమెత్తు గీత

ప్లాను అమ్మాయి టేపు కొసను గోడమీది ఎర్రగీతకి ఆనించి, "మేస్త్రిగారూ, కింద కాస్త పట్టుకుంటారా?" అంది. మేస్త్రి వంగి టేపును నేలకి అదిమిపట్టాడు. నలభై ఏళ్లు తాపీ పట్టిన చెయ్యి అతనిది.

"మూడడుగుల రెండంగుళాలు," అని ఆమె పుస్తకంలో రాసుకుంది.

ఆ లెక్క తప్పని మేస్త్రికి తెలుసు. ఆ గీత అక్కడ చెక్కింది అతనే.

ఆమెది నగరపాలక ఆఫీసు, వరద ప్లాను వేసే పని. ఐదు వారాలుగా రోజూ ఆ వీధికి వస్తోంది. గుమ్మాల్లో కూర్చుని, వీధి పటం పరిచి, వానొస్తే నీళ్లు ముందు ఎవరింట్లోకి వస్తాయి, మేడ ఎవరికి లేదు, నడవలేనివాళ్లు ఎవరు అని అడిగి రాసుకుంటోంది. "వానలు ఇదివరకటిలా లేవండీ. నెలంతా పడాల్సింది ఒక్కపూటలో పడుతోంది. ఏరు మళ్లీ వీధిలోకి వస్తుంది. వచ్చేలోపల మనం సిద్ధంగా ఉండాలి," అని ఇంటింటికీ చెప్పింది. వీధి చివర ఖాళీ జాగాలో ఒక హాలు కడతారు. ఏరు పొంగితే నడవలేనివాళ్లని అందులోకి చేరుస్తారు. పాత వరద ఎంత ఎత్తు వచ్చిందో, దానికి అడుగున్నర పైన హాలు నేల ఉండాలి.

పాత వరద వచ్చి ముప్పై రెండేళ్లయింది. అది చూసినవాళ్లలో సగంమంది ఊరు వదిలేశారు. మిగిలినవాళ్లలో ఒకరు మోకాళ్లదాకా అంటారు, ఒకరు పీకలదాకా అంటారు. అప్పట్లో గోడలమీద నీటిమట్టం గీతలు చెక్కారు గానీ, ఆ ఇళ్లన్నీ పడగొట్టి మళ్లీ కట్టుకున్నారు. గీత మిగిలింది ఒక్క ఇంటికే. మేస్త్రి చెల్లెలి ఇంటికి.

"మనుషుల మాట మారుతుంది. గోడ మారదు కదండీ," అంది ప్లాను అమ్మాయి నవ్వుతూ.

మేస్త్రి నేలకేసి చూశాడు.

వరద వెళ్లిన రెండేళ్లకి చెల్లెలు వేరే ఊరినుంచి ఈ ఇంటికి కాపురానికి వచ్చింది. అప్పుడు గీత ఆమె నెత్తికి మూరెడు పైన ఉండేది. "అన్నయ్యా, పడుకుంటే నీళ్లు నా మీద నిలబడ్డట్టే ఉందిరా. నేనిక్కడ ఉండలేను," అని ఏడ్చేది. ముద్ద దిగేది కాదు. ఆమె పుట్టింటికి వెళ్లిన వారంలో మేస్త్రి ఆ గోడకి పూత వేశాడు. పాత గీత పూతకింద పోయింది. నడుమెత్తున కొత్త గీత చెక్కి, ఎర్రరంగు పూశాడు. తిరిగొచ్చిన చెల్లెలితో, "ముందు తప్పు కొలిచారట. ఆఫీసువాళ్లొచ్చి సరిచేసి పోయారు," అన్నాడు.

ఆమె నమ్మింది. అన్నయ్య ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆ నాలుగింట్లో అబద్ధం ఒకటి ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆ రాత్రినుంచి ఆమె హాయిగా నిద్రపోయింది. మేస్త్రికీ మంచిపనే చేశాననిపించింది. చాలా ఏళ్లు అలాగే అనిపించింది. తర్వాత బావకి, అంటే చెల్లెలి భర్తకి, కాళ్లు పడిపోయాయి. మంచం కింది గదిలోకి మారింది. "అన్నయ్యా, గీతకి జానెడు పైకొచ్చేలా అరుగు కట్టు. మంచం దానిమీద వేస్తాను. నీళ్లొచ్చినా ఆయనకి భయం ఉండదు," అంది చెల్లెలు. మేస్త్రి కట్టాడు. చెప్పాలని నోటిదాకా వచ్చేది, ఇంకో ఇటుక పెట్టేవాడు. అరుగు పూర్తయింది, మాట రాలేదు.

ఇప్పుడు ఆ అరుగుమీంచే, కిటికీలోంచి బావ కేకేశాడు. "ఏమ్మా ప్లానూ! మా బావ నోరు విప్పాడా? విప్పితే చెప్పు, ఆ రోజే వరదొస్తుంది!"

"వరద చూసిన సాక్షిగా ఆయన సంతకం పెడితే చాలండీ. సాయంత్రం కాగితం ఆఫీసుకి పోవాలి. హాలు నేల నాలుగడుగుల ఎనిమిదంగుళాలు."

"నడుముదాకానే వచ్చిందమ్మా," అంది చెల్లెలు, తనే కొలిచినంత ధీమాగా. "మా అన్నయ్య కళ్లారా చూశాడు. పెట్టు అన్నయ్యా."

మేస్త్రి కలం తీసుకున్నాడు. కాగితంమీద హాలు బొమ్మ ఉంది. లోపల వరసగా మంచాలు గీసి ఉన్నాయి. మొదటి మంచం పక్కన బావ ఇంటి నంబరు.

కలం కాగితంమీద పెట్టేసి లేచాడు. సంచిలోంచి ఉలీ సుత్తీ తీశాడు. ముక్కాలిపీట ఎక్కి, నేలమీద నిలబడితే తన తలకన్నా పైనుండే చోట గోడని కొట్టడం మొదలుపెట్టాడు.

"అయ్యో, ఏంటన్నయ్యా, గోడ!"

పూత పెచ్చులుగా రాలింది. నాలుగు దెబ్బలకి ఇటుక బయటపడింది. ఇటుకమీద గాడి, గాడిలో పాత ఎరుపు.

"వచ్చింది ఇంత," అన్నాడు. "కింది గీత నేను చెక్కింది."

ప్లాను అమ్మాయి టేపు లాగింది. ఈసారి కింద పట్టుకోమని అతన్ని అడగలేదు. ఆరడుగుల నాలుగంగుళాలు.

చెల్లెలు గోడకి వీపు ఆనించి నిలబడి, చెయ్యి పైకెత్తి తడిమింది. వేళ్లకి గాడి తగిలింది. చెయ్యి దించి, లోపలి అరుగుకేసి చూసింది.

"నాకు భయమని చేశావు. సరే. అరుగు కట్టేటప్పుడైనా చెప్పలేకపోయావా?"

"చెప్దామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

"ఇటుక పెట్టినప్పుడల్లా."

బావ లోపల్నుంచి, "అయితే ఇన్నేళ్లూ నన్ను నీళ్లలోనే పడుకోబెట్టావన్నమాట బావా," అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ప్లాను అమ్మాయి పాత అంకె కొట్టేసింది. "అంటే హాలు నేల ఎనిమిదడుగులకి రెండంగుళాలు తక్కువ. అంత ఎత్తుకి మంచాలు తోసుకెళ్లే వాలుదారి ఆ జాగాలో పట్టదు. చోటే మార్చాలి." ఐదు వారాల కాగితాల్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమె తిట్టి ఉంటే మేస్త్రికి కాస్త తేలికయ్యేది. తిట్టలేదు.

ఏదో ఒకటి చెయ్యాలనిపించి, కింది దొంగగీత పూడ్చడానికి తాపీ తీశాడు.

"దాన్ని ముట్టుకోకు," అంది చెల్లెలు. "రెండూ ఉండనీ. నువ్వొచ్చినప్పుడల్లా చూడాలి."

తాపీ సంచిలో పెట్టేసి గుమ్మం మెట్టుమీద కూర్చున్నాడు. ఒళ్లంతా పూతదుమ్ము.

కాసేపటికి ప్లాను అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. "ఆ రోజు నీళ్లు ముందు ఎటువైపునుంచి వచ్చాయి మేస్త్రిగారూ? మీకు గుర్తున్నదంతా చెప్పండి. ఈసారి తగ్గించొద్దు."

మేస్త్రి చెప్పాడు. ముందు కాలవలోంచి కాదు, ఇళ్ల వెనకనుంచి వచ్చాయన్నాడు. మూలమలుపు దగ్గర సుడి తిరిగాయన్నాడు. ఎవరి తలుపు ఎన్ని గంటలకి ఊడిందో చెప్పాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. కిటికీ దగ్గర బావ ఒక్క వేళాకోళమూ ఆడకుండా విన్నాడు.

మధ్యలో చెల్లెలు రెండు గ్లాసులతో మంచినీళ్లు తెచ్చింది. ఒకటి ప్లాను అమ్మాయి చేతికిచ్చింది. రెండోది మెట్టుమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.