పట్టపగలు చెప్పిన శాత్రం

నాకు కుదురు తక్కువ. మనసులో ఒక ఆలోచన పడిందంటే అది అయ్యేదాకా నేనూ ఊరుకోను, పక్కవాళ్లనూ ఊరుకోనివ్వను. తొంభై తొమ్మిదిలో మాదాపూర్ శాఖా గ్రంథాలయానికి లైబ్రేరియన్‌గా వచ్చిన కొత్తలోనే, పిల్లలకు వేసవి పఠన శిబిరం పెట్టి తీరాలని అలాంటి ఆలోచన ఒకటి పడింది.

దానికి కారణం అక్కడున్న అద్దాల అలమారా. నిండా పిల్లల బొమ్మల పుస్తకాలు. ఒక్కదాని అట్టయినా నలగలేదు. పిల్లలకు పుస్తకాలు ఇంటికివ్వకూడదన్నది అక్కడ పాతుకుపోయిన పద్ధతి. ఎండలు ముదిరితే పిల్లలు ఇక్కడికొచ్చి బల్లల మీద కూర్చుని చదవరు కదా, అందుకని ఆ పుస్తకాలు హాయిగా అద్దాల వెనక నిద్రపోతున్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మా పై అధికారి రామ్మోహనరావు గారి దగ్గరికి వెళ్లి, ఈ ఒక్క వేసవికి ఇంటికివ్వనివ్వమని అడిగాను. ఆయన చెడ్డమనిషేం కాదు. పుస్తకాలంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, ఎవరూ వాటిని ముట్టుకోకుండా ఉంటే ఇంకా బాగుండునని ఆయన కోరిక.

"చింపుతారండీ, పోగొడతారండీ. ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు.

"నేను చెబుతాను సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "సరే, శిబిరం మొదటిరోజు నేనే వచ్చి చూస్తాను. పిల్లలు నిజంగా చదువుతారనిపిస్తే ఇద్దాం. లేదంటే ఆ అలమారా ఊసు మళ్లీ ఎత్తకూడదు మీరు."

ఆ మాట చాలు నాకు. తిరుగు బస్సులో నిలబడి వస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటే కండక్టరు రెండుసార్లు అనుమానంగా చూశాడు.

ఇక పరుగులే పరుగులు. సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి ఏడాది కూడా కాలేదు. దాని చుట్టూ తవ్వేసిన రోడ్లు, కంకర గుట్టలు, సున్నం ఆరని అపార్ట్‌మెంట్లు. వాటి వెనక పాత ఊరు. రెండు వైపుల పిల్లలూ వస్తేనే నా హాలు నిండుతుంది. పాత ఊరి సంగతి మా అటెండరు కిష్టయ్య చూసుకుంటానన్నాడు, ఆయనది ఆ ఊరే. అపార్ట్‌మెంట్ల వైపు నేను వెళ్లాను. అక్కడ అందరూ నాగమణి గారి మాట వింటారు. కడప వైపు మనిషి, భర్తది స్థలాల వ్యాపారం. ఆవిడ గుమ్మంలోనే తేల్చేశారు.

"కతలూ కాకరకాయలూ యాల మేడమ్? సైన్సు చెప్పించండి. మా దివ్యను, ఈడుండే పిల్లోళ్లనందర్నీ నేనే పిల్చుకోనొస్తా."

సైన్సు చెప్పేవాళ్లను ఎక్కడినుంచి తేను? లైబ్రరీకి తిరిగొచ్చి కుర్చీలో కూలబడి, "కిష్టయ్యా, పిల్లలకు శాస్త్రం చెప్పేవాళ్లు ఎవరైనా తెలుసా?" అని అడిగాను.

కిష్టయ్య ముఖం వెలిగిపోయింది. "శాత్రమా? గింతదానికి పరేషాన్ ఎందుకు మేడమ్! మా అత్త నీలమ్మకొచ్చినన్ని శాత్రాలు ఈ ఊర్ల ఎవ్వలకు రావు."

"నిజంగా? ఏ శాస్త్రం?"

"అన్నొస్తయి. జంతువులయి, గుట్టలయి, సుక్కలయి. కూసున్నదంటే ఇగ లేవది."

జంతుశాస్త్రం, భూగర్భశాస్త్రం, ఖగోళశాస్త్రం! నేను ఎగిరి గంతేయలేదంతే. రిటైరైన టీచరమ్మ అయ్యుంటారనుకున్నాను. పాపం కిష్టయ్యకు నోరు తిరగక శాత్రం అంటున్నాడని మనసులోనే దిద్దుకున్నాను. తెలుగులో ఎమ్మే చేసినదాన్ని, ఆమాత్రం దిద్దుకోలేనా? ఆ సాయంత్రమే కరపత్రాలు అచ్చుకిచ్చాను. 'ప్రారంభ ప్రసంగం: శాస్త్ర విజ్ఞానం. వక్త: శ్రీమతి నీలమ్మ గారు.'

మొదటిరోజు పొద్దున్నే హాలు కిటకిటలాడింది. నాకు గాల్లో తేలుతున్నట్టుంది. ఒక పక్క అపార్ట్‌మెంట్ల పిల్లలు పెన్నులూ కాగితాలూ పట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఇంకో పక్క ఊరి పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. ముందు వరస కుర్చీల్లో కరపత్రం చదువుకుంటూ రామ్మోహనరావు గారు, ఆయన పక్కన నాగమణి గారు.

అప్పుడు నీలమ్మ గారు వచ్చారు. నడుముకు చెక్కిన కొంగు, నుదుట పచ్చబొట్టు, చేతులకు వెండి కడియాలు. వేసిన కుర్చీ వైపు చూడనైనా చూడకుండా నేల మీద చతికిలబడి, పిల్లలందర్నీ చుట్టూ చేరమంది.

"శాత్రం షురూ జేస్తున్న. అందరు ఊఁ కొట్టాలె. ఊఁ కొట్టకుంటే శాత్రం నడవది. ఒక గుట్ట మీద రెండు బండలుండె. అక్క మీద, చెల్లె కింద."

"ఊఁ" అన్నారు ఊరి పిల్లలు.

కిష్టయ్యను తలుపు పక్కకు లాగాను. "ఇదేంటి కిష్టయ్యా? శాస్త్రం అన్నావు కదా!"

"శాత్రమే గద మేడమ్ చెప్తున్నది."

"ఇది కథ!"

"మరి? శాత్రమంటే కథనే గద" అని కిష్టయ్య నావైపు జాలిగా చూశాడు. ఎమ్మే పట్టా ఇచ్చినవాళ్లు ఆ క్షణాన అక్కడ లేరు కాబట్టి బతికిపోయారు.

రామ్మోహనరావు గారు కరపత్రాన్నీ నీలమ్మనూ మార్చి మార్చి చూస్తున్నారు. అయిపోయింది అనుకున్నాను. అలమారా ఊసు ఇక జన్మలో ఎత్తలేను. ఆపమని చెప్పడానికి ముందుకు అడుగేశాను.

కానీ ఆపడం ఎలా? చెల్లెలి బండకు మోసీ మోసీ నడుము పడిపోయింది. "అక్కా, ఇన్నేండ్లు సల్లగాలి నువ్వే తాగితివి. ఒక్కనాడు నువ్వు కింద పండు, నేను మీద కూసుంట" అంది. అక్కకు కోపమొచ్చింది. చెల్లెలు ఏడిస్తే గుట్ట కింద ఊట పుట్టింది. ఆ నీళ్లు తాగడానికి నక్క వచ్చింది, ఎలుగు వచ్చింది, ఇద్దరి గొడవ తీరుస్తామని పంచాయితీ పెట్టాయి. నీలమ్మ నక్క గొంతు పెడితే పిల్లలు పడీ పడీ నవ్వారు. కాగితాలు ఎగిరి కుర్చీల కింద పడ్డాయి. ఇప్పుడు ఊఁ కొడుతున్నది హాలంతా. నాగమణి గారైతే అందరికన్నా గట్టిగా.

"ఆఖర్కి అక్క సరే అన్నది. జర పక్కకు ఒరిగింది. ఇంకొంచెం ఒరిగింది. ఇగ కిందికి దుంకాలె..." అని నీలమ్మ ఆగి, లేచి కొంగు దులుపుకుంది. "ఇయ్యాల్టికి గింతే."

హాలంతా గోల. "దూకిందా? చెప్పవ్వా!" అంటూ నాగమణి గారి దివ్య చెయ్యి పట్టుకుని లాగింది.

"పట్టపగలు శాత్రం పురాగ చెప్పొద్దు బిడ్డ. మేనమామలు తోవ తప్పుతరు."

"మా మామయ్య ప్రొద్దుటూరులో ఉన్నాడు, ఏం కాదు!"

"యాడున్నా తప్పుతడు. గీ సారు సుత ఎవలికో మామనే గద, పాపం ఎట్ల ఇంటికి పోవాలె?" అంటూ రామ్మోహనరావు గారి వైపు చెయ్యి చూపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పొద్దుగూకినంక మా వాకిట్లకు రాండ్రి, చెప్త. అందాక గా పుస్తకాలు సదువుకోండ్రి. చెప్పుడు తప్పు గని, సదువుడు తప్పెట్లయితది?"

నాకు ముద్దొచ్చింది ఆ మనిషి. ఒక్క ఉదుటున వెళ్లి అలమారా తలుపులు బార్లా తెరిచాను. ఇక చూడాలి! తోసుకుని, లాక్కుని, ఒకే పుస్తకానికి ముగ్గురు తలలు దూర్చి, ఎవరికి దొరికిన చోట వాళ్లు కూలబడ్డారు. బండల కథ ఎందులో ఉందోనని కొందరు పుస్తకం తరవాత పుస్తకం తిరగేస్తున్నారు.

"చూశారా సార్!" అన్నాను, ఆయాసపడుతూ.

"బాగుందండీ." ఆయన వాచీ చూసుకుని లేచారు. "ఇంటికిచ్చే సంగతి ఆఫీసుకెళ్లి ఆలోచించి రాస్తాను."

ఆలోచించి రాస్తాననడం అంటే వద్దని చెప్పడమే. మా శాఖలో చేరిన వారానికే ఎవరికైనా తెలిసిపోతుంది. "ఇక్కడే ఆలోచించవచ్చు కదా సార్" అని నోరు జారాను. ఆయన జీపెక్కారు. దుమ్ము లేపుకుంటూ జీపు వెళ్లిపోయింది. ఇందాకటి సంతోషమంతా అడుగంటింది.

మధ్యాహ్నం మూసే వేళయింది. కిష్టయ్య కిటికీలు వేస్తున్నాడు. ఒక్కరూ లేవలేదు. "ఇంకో పేజీ మేడమ్" అంటాడొకడు. "నాది సగంలో ఉంది" అంటుంది ఇంకొకతె. వాళ్ల చేతుల్లోంచి పుస్తకాలు లాక్కోవాల్సింది నేనే కదా అని ఏడుపొచ్చింది. గొంతు సవరించుకుని అందరూ పుస్తకాలు లోపల పెట్టండని చెప్పబోతుండగా బయట జీపు ఆగిన చప్పుడైంది.

రామ్మోహనరావు గారు దిగారు. జుట్టు, కళ్లజోడు, చొక్కా అంతా ఎర్ర దుమ్ము. "ఏమండీ, జూబ్లీహిల్స్‌కు దారెటు? పొద్దున వచ్చిన రోడ్డు ఇప్పుడు లేదట. ఎటు తిరిగినా అవే బండలు, అదే కంకర, మళ్లీ ఆ గుండ్రటి సైబర్ టవర్సే!"

దివ్య కేక పెట్టింది. "మామయ్య తోవ తప్పాడు!"

హాలు దద్దరిల్లింది. వరండాలో కూర్చున్న నీలమ్మ ముక్కున వేలేసుకుంది. "సగం జెప్తెనే గిట్లాయె. పురా చెప్తే ఏమైతుండెనో!"

ఆయన కూడా నవ్వారు. పొట్ట పట్టుకుని మరీ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ హాలంతా కలయజూసి, వాచీ చూసుకుని, బల్ల కింద బోర్లా పడుకుని చదువుతున్న తేజ అనే పిల్లాడి దగ్గర వంగారు. "ఏరా, టైమైపోయింది. ఇంటికెళ్లవా?"

వాడు పేజీలోంచి తలెత్తలేదు. "అయిపోలేదు అంకుల్. ఇంటికి ఇయ్యరంట గద."

ఆయన అలాగే వంగి కాసేపు వాడి పేజీ చూస్తూ ఉండిపోయారు. తరవాత నిటారుగా నిలబడి, "ఇచ్చెయ్యండి వాసంతి గారూ. అందరికీ ఇచ్చెయ్యండి" అన్నారు.

నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "ఆఫీసుకెళ్లి ఆలోచిస్తానన్నారు కదా సార్?"

"ఆఫీసుకు దారి దొరికితే కదండీ!"

పిల్లలు నన్ను చుట్టేశారు. పేర్లు చెబుతున్నారు, అరుస్తున్నారు, ఒకరి భుజాలెక్కి ఒకరు చేతులు చాస్తున్నారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. అందరూ వెళ్లిపోయాక చూస్తే అలమారాలో ఒక్క పుస్తకం మిగిలింది. దాన్ని అక్కడ ఒంటరిగా వదలబుద్ధి కాక, నేనే ఇంటికి పట్టుకుపోయాను.